నా తర్వాత ఎవరని రాయాలి

మా ఆయన పోయిన మూడో నెలలో, వేలూరు ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా నీలం సిరా ప్యాడ్‌ను నా కూతురి ముందుకు జరిపి వేలిముద్ర వెయ్యమన్నాడు. నా కూతురికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండి నాలుగు నెలలు. ఆమెకు ఆటిజం. మాటలు చాలా తక్కువ. వేలికి తడి తగిలితే మాత్రం వీధి చివరిదాకా వినపడేలా అరుస్తుంది. నూనె అయినా, గంధం అయినా, సిరా అయినా ఒకటే. ఆ సంగతి నేను నోరు తెరిచి చెప్పేలోపలే ఆ మనిషి, పాపం మంచితనం కొద్దీ, ఆమె బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్దేశాడు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు గింగురుమంటాయి. ఆఫీసులో అందరి చేతులూ ఆగిపోయాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. ఆమె ఆ వేలిని నా చీరకేసి రుద్దుతోంది, రుద్దుతోంది, తోలు ఊడొచ్చేలా రుద్దుతోంది. ఎలాగో బయటికి లాక్కొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఒకావిడ దగ్గరికొచ్చి, ఎన్నమ్మా, దయ్యం గియ్యం పట్టిందా అని తమిళంలో అడిగింది. "నీకు పట్టింది, పో" అన్నాను. తెలుగులో అన్నాను కాబట్టి బతికిపోయాను.

అసలు సంగతి ఇది. మా ఆయన బిల్డింగు మేస్త్రీ. గుడియాత్తం చుట్టుపక్కల ఇళ్ళు కట్టే పనిలో మా తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మా మేస్త్రీల ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. ఏ ఇంటికైనా మొదటి ఇటుక ఆడబిడ్డ చేత, అంటే ఇంటి ఆడపిల్ల చేత పెట్టిస్తారు. చీటీ వేసినా, పిసరంత బంగారం కొన్నా ఆడబిడ్డ పేరు చెప్పి మొదలుపెడితే కలిసొస్తుందంటారు. మా పాపకు ఆరేళ్ళప్పుడు ఆయన తన ప్రాణం మీద ఒక పాలసీ తీసుకున్నాడు. డబ్బు ఎవరికి రావాలని ఏజెంటు అడిగితే, "నా బిడ్డకే, ఇంకెవురికి?" అన్నాడు. నామినీ గడిలో పాప పేరు రాశారు. ఆమె మైనరు కాబట్టి, పద్దెనిమిది నిండేదాకా ఆమె తరఫున డబ్బు తీసుకునే మనిషిగా నా పేరు రాశారు. ఆమెకు ఏముందో డాక్టర్లు చెప్పి అప్పటికే రెండేళ్ళయింది. "పద్దెనిమిదేళ్ళకంతా మాటలొచ్చేస్తాయిలే" అన్నాడు మా ఆయన. నేనూ ఊఁ అన్నాను. ఆ మాటను ఇద్దరం నమ్మాం, ఒకరి కోసం ఒకరం.

పద్దెనిమిది నిండగానే నా పేరు దానంతటదే రాలిపోయింది. ఆ తర్వాత నెలకే ఆయన కాట్పాడి దగ్గర ఒక మేడ పని చూస్తూ, ఇసుక కుప్ప మీద కూర్చుని మరి లేవలేదు. ఇప్పుడు డబ్బు నాకు కాదు, ఆమెకు. ఆమె సంతకం పెట్టాలి, ఆమె పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. అది కాదంటే ఆమెకు చట్టప్రకారం సంరక్షకులు ఎవరో కాగితం తేవాలి. కన్నతల్లినయ్యా అన్నాను. పద్దెనిమిది దాటాక కన్నతల్లి అయినా కాగితం తేవాల్సిందేనమ్మా అన్నాడు గుమాస్తా. ఆయన తప్పేమీ లేదు, రూలు అది. నాకు కోపం మా ఆయన మీద వచ్చింది. పోయినవాడి మీద కోపం వస్తే ఎవరితో పోట్లాడాలి? ఫోటోకు దండ మార్చేటప్పుడు, "కలిసొచ్చింది చూడు, ఎంత బాగా కలిసొచ్చిందో" అని తిట్టాను. ఆ తర్వాత దండ చేతిలో పట్టుకునే ఏడ్చాను.

ఆ కాగితం ఎలా సంపాదించాలో నాకు చెప్పింది ఒక పెద్దాయన. వేలూరులో ఇలాంటి పిల్లల బడి ఒకటి ఉంది. అక్కడ నెలకొక శనివారం తల్లిదండ్రుల మీటింగు జరుగుతుంది. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు, ఆయన కొడుక్కీ ఆటిజమే, నలభై ఏళ్ళవాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మాలాంటివాళ్ళకు దారి చెప్పేవాడు. మెత్తని మనిషేం కాదు. బిడ్డ ప్రాణం మీద ఇన్సూరెన్సు కడతామని ఎవరైనా అంటే గయ్యిమనేవాడు. నీ ప్రాణం మీద కట్టు, నువ్వు పోతే ఇబ్బంది పడేది ఎవరు అని అడిగేవాడు. బిడ్డ పేరున డిపాజిట్టు వేశామంటే తల పట్టుకునేవాడు. బిడ్డ పేరున వెయ్యొద్దు, బిడ్డ కోసం వెయ్యి, నమ్మకమైన మనిషి చేతిలో పెట్టి ఎలా ఖర్చు చెయ్యాలో రాసిపెట్టు అనేవాడు. ఒకసారి ఒక ఏజెంటు ఆరోగ్య బీమా అంటూ మా ఇంటికొచ్చి, పాప వైకల్యం సర్టిఫికెట్టు చూడగానే కాగితాలు సంచిలో పెట్టుకుని కాఫీ కూడా ముట్టకుండా పోయాడు. ఆ మాట చెబితే, ఇలాంటి పిల్లల కోసమే సర్కారు బీమా ఒకటి ఉందని చెప్పి, ఎక్కడ అడగాలో చిన్న చీటీ మీద రాసిచ్చాడు. అన్నేళ్ళలో ఆ చీటీ నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

కాగితం కోసం కలెక్టరాఫీసుకు ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. బస్సు హారను పాపకు పడదు కాబట్టి గుడియాత్తం నుంచి కాట్పాడి దాకా రైల్లోనే పోయేవాళ్ళం. లత్తేరిలో మా పాసింజరును పక్కన నిలిపి ఎక్స్‌ప్రెస్సును వదిలేవాళ్ళు. అది వస్తున్న చప్పుడు మాకెవరికీ వినపడకముందే ఆమె రెండు చెవులూ మూసుకునేది. ఎదురుసీటు వాళ్ళు ఆమెను చూసేవాళ్ళు, తర్వాత నన్ను చూసేవాళ్ళు, తర్వాత కిటికీ వైపు తిరిగేవాళ్ళు. ఆ వరస నాకు కంఠతా వచ్చు. ఏమ్మా, ఎందాకా అని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. అడిగితే బాగుండునని నాకు ఎంత ఉండేదో. పెద్ద మాటలేం వద్దు, ఈ ఎండలు చంపేస్తున్నాయి అన్నా చాలు, కాట్పాడి దాకా ఆ మాట పట్టుకుని పోయేదాన్ని.

చివరికి కాగితం చేతికొచ్చింది. డబ్బూ వచ్చింది. ఆ శనివారం మీటింగుకు మైసూరుపాకు డబ్బా పట్టుకుపోయి అందరికీ పంచాను. పెద్దాయన ముక్క తీసుకుని, నోట్లో పెట్టుకోకుండానే, "సరేనమ్మా, నువ్వు పోతే?" అన్నాడు.

"పోతే పోతాను సార్, ఉండమంటే ఉంటానా?" అన్నాను, నవ్వుతూనే.

ఆయన నవ్వలేదు. "ఆ కాగితంలో ఉన్నది నీ పేరు. నీతోపాటు అదీ పోతుంది. నీ తర్వాత ఎవరని విల్లులో ఒక పేరు రాయాలి. ఆ మనిషికి ఈ పిల్లను చూసుకోవడం తెలిసి ఉండాలి. డబ్బు ఎక్కడుందో చెప్పే కాగితాలు ఎన్నయినా పుట్టించొచ్చు. ఈ పిల్లకు అన్నం ఎలా పెట్టాలో ఏ కాగితంలో ఉంది?" ఒక నోటుబుక్కు కొని ఆమె సంగతులన్నీ రాయమన్నాడు. రేపు పొద్దున నువ్వు లేవవని అనుకుని రాయమన్నాడు. మనిషిని ఒక్క పూట సంతోషంగా ఉండనివ్వడు కదా అని తిట్టుకుంటూ వచ్చాను. వస్తూ వస్తూ కాట్పాడిలో రైలెక్కే ముందు నోటుబుక్కు కొన్నాను.

మా ఇంట్లో మేమిద్దరమే. నేను లుంగీలు మడిచే పని తెచ్చుకుంటాను. వ్యాపారి మనిషి మూటలు దింపి పోతాడు, మడతపెట్టి లేబులు అంటించి ఇవ్వాలి. పాప నా పక్కన కూర్చుని మడతల అంచులు సరిచేస్తుంది. ఒక్క అంచు వంకరపోయినా ఊరుకోదు, విప్పి మళ్ళీ మడిచేదాకా నా మోచెయ్యి పట్టుకుని కదలదు. పొద్దస్తమానం పక్కపక్కనే ఉంటాం, మధ్యలో ఒక్క మాట ఉండదు. మా ఆయన ఉన్నప్పుడు సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, సిమెంటు ధర దగ్గర్నుంచి సెంటరింగువాడి దొంగవేషాల దాకా చెప్పేవాడు. నాకు తెలుగు ఆయనతోనే. మా వీధంతా తమిళమే. ఆయన పోయాక నా తెలుగు నా నోట్లోనే ఉండిపోయింది. కొన్ని రోజులు ఫోను తీసి, ఎవరికైనా చేద్దామని పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూసి మళ్ళీ పెట్టేసేదాన్ని. చేసి ఏం చెప్పాలి? ఏమీ తోచడం లేదని చెప్పడానికి ఫోను చేస్తే అవతలివాళ్ళు హడలిపోతారు.

నేను పుట్టింది పరదరామి సరిహద్దు దాటి, చిత్తూరు వైపు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. మధ్యాహ్నం పాప పడుకున్న గంటన్నరలో నోటుబుక్కు తెరిచి తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఏ భాషలో రాయాలా అని ఆలోచించనే లేదు, చెయ్యి అటే పోయింది. అన్నం పెట్టి లేచి వెళ్ళిపోవాలి, ఎదురుగా ఎవరైనా కూర్చుని చూస్తే తినదు. ఇది మొదటి పేజీ. దువ్వెన ముందు ఆమె చేతికిచ్చి, ఆమె తడిమి చూశాక తీసుకుని దువ్వాలి. మిక్సీ వేసే ముందు వేస్తున్నానని చెప్పాలి. చెయ్యి కొరుక్కుంటుంటే లాగొద్దు, బరువైన దుప్పటి ఒకటి ఒళ్ళో వేస్తే కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. రాస్తుంటే ఆపబుద్ధి అయ్యేది కాదు. ఎవరితోనో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉండేది.

అలా రాస్తూ రాస్తూ ఎవరూ అడగనివి కూడా రాసేశాను. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, వరసగా మూడు రాత్రులు నిద్ర లేక, గుడియాత్తం బస్టాండులో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నేను నాలుగడుగులు వేశాను. వదిలేసి పోదామనే వేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె నా వైపు చూడటం లేదు, టికెట్టు ముక్కలు ఏరుకుంటోంది. వెనక్కి వచ్చేశాను. మా ఆయనకు కూడా చెప్పని సంగతి అది. అదీ రాశాను. నలభై పేజీల్లో అయిపోతుందనుకున్నది నోటుబుక్కంతా నిండింది.

నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఉన్నదల్లా మా ఆయన తమ్ముడు, నా మరిది. కనియంబాడిలో ఉంటాడు, అతనూ మేస్త్రీనే. అతని భార్య, నా తోటికోడలు, వేరే సైట్లలో ఇటుకలూ సిమెంటూ మోసేది. ఈమధ్యే నడుము నొప్పని మానేసింది. ఒక్క కూతురు, పెళ్ళయి ఆరణిలో ఉంది. నోటుబుక్కు పట్టుకుని వాళ్ళింటికి పోయాను. నా తర్వాత పాపను చూసుకునేది మీరని విల్లులో రాయనా అని మరిదిని అడిగాను.

"దీనికి అడగాల్నా వదినా? మేము లేమా?" అన్నాడు. నా మాట పూర్తికాకముందే అన్నాడు. తోటికోడలు లోపలికి పోయి కాఫీ తెచ్చింది. నోటుబుక్కు చేతికిస్తే మరిది రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, దేవుడి గూట్లో పెట్టాడు. ఆమె దానికి పసుపూ కుంకుమా పెట్టింది. గుండెల మీది బరువు దిగిపోయిందనుకున్నాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

ఆరు నెలలకు నా కడుపులో రాళ్ళున్నాయన్నారు. వేలూరులో ఆపరేషను, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాలి. పాపను కనియంబాడిలో దింపి, "అన్నీ నోటుబుక్కులో ఉండాయి కదా" అన్నాను. "అన్నీ ఉండాయి వదినా, నువ్వు ధైర్యంగా పో" అన్నాడు మరిది.

మూడో రోజు మధ్యాహ్నం మరిది ఆసుపత్రికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. మంచం పక్కన నిలబడ్డాడే గాని నా మొహం చూడటం లేదు.

"బిడ్డ తినలా వదినా. రెండు దినాలుగా మెతుకు ముట్టలా. చెయ్యంతా కొరుక్కునింది" అన్నాడు.

"అన్నం పెట్టి లేచి పోవాలని మొదటి పేజీలోనే రాసినాను కదప్పా!" అని అరిచాను. కుట్లు లాగాయి.

అతను తల దించుకున్నాడు. "నాకు తెలుగు చదవను యాడొస్తాది వదినా? మా ఇంటిదానికీ రాదు."

ఇరవై ఏళ్ళుగా నాకు తెలుసు ఆ సంగతి. చిత్తూరు వైపు నుంచి ఎవరిదైనా పెళ్ళిపత్రిక వస్తే మా వాళ్ళందరూ నా దగ్గరికే తెచ్చేవాళ్ళు, నువ్వు చదువమ్మా అని. పుట్టింది మొదలు తెలుగే మాట్లాడతారు, రాసింది మాత్రం ఒక్క అక్షరం రాదు. బడి అంతా తమిళంలో కదా. ఈ మరిదే ఒకసారి పత్రికను తలకిందులుగా పట్టుకుంటే పడీ పడీ నవ్వాను నేను. ఆ మనిషి చేతిలోనే నోటుబుక్కు పెట్టి, నా బిడ్డ బతుకంతా ఇందులో ఉందన్నాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. "ఆ రోజే చెప్పొచ్చు కదప్పా" అంటే, "నువ్వు అంత ఆశగా ఇచ్చినావు వదినా, ఎట్ల చెప్పేది?" అన్నాడు.

డాక్టరు గొణుగుతున్నా వినకుండా సంతకం పెట్టి, ఆటోలో కనియంబాడికి పోయాను. పాప గోడ మూలకు ముడుచుకుని ఉంది. చెయ్యి ఉబ్బి ఉంది. ఆమె ముందు తోటికోడలు కంచంతో కూర్చుని, "ఒక్క ముద్దమ్మా, నా బంగారు కదా, చిన్నమ్మ కోసం ఒక్క ముద్ద" అంటోంది. రెండు రోజులుగా అలాగే కూర్చుందట. పాయసం చేసిందట, వడలు చేసిందట. ఇంటికొచ్చినవాళ్ళకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని ఇంకొంచెం ఇంకొంచెం అని వడ్డించకపోతే మర్యాద కాదు మా ఇళ్ళల్లో. ఆ మర్యాదే బిడ్డను పస్తు పెట్టింది. నేను కంచం తీసి గోడ పక్కన పెట్టి, తోటికోడలి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను. ఇద్దరం వీధి వైపు చూస్తూ నిలబడ్డాం. లోపలికి పోయేసరికి కంచం ఖాళీ.

తోటికోడలు ఆ కంచాన్ని చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. భగ్గుమంది.

"ఇంతేనా? ఇంత చిన్న మాట నోటితో చెప్పింటే పొయ్యేదానికి అంత పెద్ద నోటుబుక్కు రాసిస్తివే! మాకు తెలవాలని రాసినావా అక్కా, తెలవకూడదని రాసినావా?"

నేను మాటకు మాట ఇచ్చే మనిషినే. కానీ ఆమె అన్నది నిజం. ఈ భూమ్మీద నేను తప్ప ఇంకెవరూ నా బిడ్డను చూసుకోలేరని నా లోపల ఎక్కడో గట్టిగా ఉంది. అలా ఉండటం నాకు ఇష్టం కూడా. నాకు మిగిలింది ఆ ఒక్క గొప్పే. ఆ నోటుబుక్కు నేను వాళ్ళ కోసం రాయలేదు. పోయిన మనిషితో మాట్లాడుకోవడానికి రాసుకున్నాను. వాళ్ళ దగ్గర నాకు కావలసింది విల్లులో రాసుకోవడానికి ఒక పేరు మాత్రమే.

"ఇంకోటి కూడా విను" అంది ఆమె. "విల్లులో నా మొగుని పేరు రాయొద్దు. ఆయన అన్నిటికీ మేము లేమా అంటాడు. ఉండేది ఎవురు? పొద్దున పొయ్యి రాత్రికి వస్తాడు. చూసేది నేను. నన్ను ఎవురన్నా అడిగినారా?"

నిజమే, ఆమెను అడగలేదు. ఆ రోజు ఆమె కాఫీ తెచ్చింది, నేను తాగాను, అంతే.

"ఇప్పుడు అడుగుతా ఉండా" అన్నాను. "చూస్తావా?"

ఆమె వంగి, నడుము పట్టుకుంటూ, గోడ పక్కన పడిన మెతుకులు ఏరింది. ఏరి, చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పింది. "చూస్తా. అయితే నువ్వు పోయినాక కాదు. నువ్వు ఉండంగానే ఇయ్యి. నెలకు పది దినాలు ఈడ ఉండనీ. ఆ పది దినాలు నువ్వు రావద్దు, దినానికి నూరుసార్లు ఫోను చెయ్యొద్దు. తప్పు చేస్తే నేనే నిన్ను అడగతా. నువ్వు పోయినాక తప్పు చేస్తే ఎవుర్ని అడగాల?"

నాకు ఒళ్ళు మండింది. నా తర్వాత అని అడిగితే ఇప్పుడే ఇమ్మంటుందేమిటి అని, బిడ్డను తీసుకుని గుడియాత్తం వచ్చేశాను. రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. శనివారం మీటింగులో పెద్దాయనకు ఈ సంగతి చెప్పి, చూడండి సార్ ఎంత మాట అన్నదో అన్నాను. ఆయన, "అమ్మా, నలభై ఏళ్ళవాడికి తండ్రిని. నాకు అలా అడిగిన మనిషి ఒక్కరూ దొరకలేదు" అన్నాడు. ఆ రోజు ఇంకెవరికీ ఏ దారీ చెప్పకుండా సంచి తీసుకుని ముందే వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం పాపను తీసుకుని కనియంబాడికి పోయాను. దేవుడి గూట్లోంచి నోటుబుక్కు తీయించి, చాప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. తోటికోడలు చిక్కుడుకాయలు గిల్లుతూ వింది. మధ్యమధ్యలో అడ్డం పడేది. "అబ్బబ్బ, కలెక్టరుకు కూడా ఇన్ని రూల్సు లేవు గదక్కా!" అనేది. దువ్వెన సంగతి వచ్చినప్పుడు, "అది సరే, మా అమ్మకు కూడా అంతే" అంది. మూడు ఆదివారాలు పట్టింది. బస్టాండు పేజీ వచ్చినప్పుడు గబుక్కున తిప్పేశాను. ఆమె అక్షరం చదవలేదు గాని కళ్ళు మాత్రం చురుకు.

"ఆ పేజీ ఏమిటికి తిప్పేసినావు?"

చదివాను. ఆమె కాయలు గిల్లడం ఆపలేదు. అయిపోయాక, "నాలుగడుగులేనా? నేనైతే బస్సెక్కేసుంటా" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చేసింది. ఆమె ఊరుకోబెట్టలేదు, నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

అలా మొదటి పది రోజులకు పాపను అక్కడ వదిలి వచ్చాను. ఆ పది రోజులు నేను ఎలా ఉన్నానో చెప్పడం కష్టం. ఇరవై ఏళ్ళుగా ఒక్క పూట తీరిక దొరికితే చాలు దేవుడా అనుకున్నదాన్ని, పది రోజుల తీరిక దొరికితే ఏం చెయ్యాలో తెలియలేదు. మడిచిన లుంగీల అంచులు వంకరపోతుంటే సరిచేసేవాళ్ళు లేరు. ఒకరోజు చట్నీకి మిక్సీ దగ్గర నిలబడి, "మిక్సీ వేస్తున్నా" అని పైకే చెప్పాను. ఇంట్లో ఎవరూ లేరు. స్విచ్చి వెయ్యకుండా అక్కడే కింద కూర్చుండిపోయాను. ఫోను ఒళ్ళో పెట్టుకుని, చెయ్యొద్దంది కదా అని చెయ్యకుండా, అది మోగాలని ఒకసారి, మోగకూడదని ఒకసారి మొక్కుకున్నాను. అది మోగలేదు.

పదకొండో రోజు పొద్దున మొదటి రైలుకే బయలుదేరి పోయాను. వాకిట్లో పాప నేల మీద కూర్చుని ఉంది. మరిది సైటు నుంచి తెచ్చిన విరిగిన టైల్సు ముక్కలను గోడ పొడవునా వరసగా పేరుస్తోంది. చేతి మీద గాట్లు మానిపోయాయి. తలకు రెండు జడలు ఉన్నాయి. నా దగ్గర ఒక్క జడకే కూర్చోదు. నన్ను చూసింది, ఒక్క క్షణం. మళ్ళీ టైల్సు వైపు తిరిగింది. నేను వరండాలో కూర్చుని తోటికోడలిచ్చిన కాఫీ తాగాను. తిన్నదా అని అడిగాను, తింటా ఉండాదిలే అంది. "తీసుకోని పో అక్కా, నీ బిడ్డ" అని కూడా అంది, కానీ ఆ మాట అంటూ లోపలికి తిరిగిపోయింది.

"పోదామా నాయనా" అన్నాను పాపతో.

ఆమె లేచింది. గడప దగ్గరికి పోయి, నేను విడిచిన చెప్పులు రెండూ తెచ్చి, మొనలు వీధి వైపు ఉండేలా సరిగ్గా నా కాళ్ళ ముందు పెట్టింది. తనవి తెచ్చుకోలేదు. మా ఇంటికి ఎవరైనా చుట్టం వచ్చి ఎక్కువసేపు కూర్చుంటే ఆమె చేసే పని అదే. ఇక బయలుదేరండి అని. ఇరవై ఏళ్ళలో ఎంతోమందికి పెట్టింది. నాకు ఎప్పుడూ పెట్టలేదు.

"అయ్యో, తప్పు పాపా, అమ్మ కదా!" అంటూ తోటికోడలు పరిగెత్తుకొచ్చింది. చెయ్యెత్తి ఆపాను. నేను ఇన్ని ఆఫీసులు తిరిగిందీ, ఇన్ని కాగితాలు సంపాదించిందీ దీని కోసమే కదా. నేను లేని ఇంట్లో ఆమె నన్ను వెతుక్కోకుండా ఉండాలనే కదా. అది నేను బతికుండగానే, నా రెండు కళ్ళతో చూశాను. సంతోషమే. సంతోషం కాదని ఎలా అంటాను? కానీ ఆ క్షణంలో ఈ లోకంలో నాకంటే దిక్కులేనిది ఇంకొకతె లేదనిపించింది.

"ఇంకో నాలుగు దినాలు ఉండనీలే" అన్నాను తోటికోడలితో. చెప్పులు వేసుకున్నాను. పాప అప్పటికే టైల్సు దగ్గరికి వెళ్ళిపోయింది.